చీమలాయన ఇంట్లో చీమలు

ఆ ఉదయానికి చీమలాయన ఐదు పనులు అనుకున్నాడు. ఆరున్నరకు లేవాలి, గడ్డం గీసుకోవాలి, స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, తొమ్మిదిన్నరకు చీమను తీసుకుని బయల్దేరాలి. పదకొండింటికి ఆ చీమను కమిటీవాళ్ళ బల్ల మీద పెట్టాలి. సగం గడ్డం గీసుకునేదాకా అంతా అనుకున్నట్టే నడిచింది.

చీమలాయన అనేది మ్యూజియంలో పడ్డ పేరు. కీటకాల గదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా చీమల్ని తప్ప మరో జీవిని పట్టించుకున్నది లేదు. పేరు ముందు వీధికి పాకింది, తర్వాత ఇంటికి కూడా వచ్చింది. ఇంకో నాలుగు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. ఆ గదిలోకి మరో మనిషిని తీసుకోబోమని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

కమిటీకి చూపించాల్సిన చీమ పొడవు మూడు మిల్లీమీటర్లు. పదకొండేళ్ళ కిందట ఒక వర్షారణ్యంలో రాలిన ఆకుల్ని జల్లెడ పడుతుంటే అడుగున చచ్చి దొరికింది. దాని నడుము కణుపు మీద ఒక ముల్లు ఉంది. ఆ కుటుంబం చీమలన్నిటికీ ముల్లు వెనక్కి వాలి ఉంటే, దీనికి ముందుకు తిరిగి కొక్కెంలా వంగింది. ఆయన బొమ్మ గీసి ఏడు మ్యూజియాలకు పంపాడు. ఇలాంటిది మా దగ్గర లేదని ఏడుగురూ రాశారు. అయినా కొత్త జాతి అని ప్రకటించడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ వంకర ఆ ఒక్క చీమకు పుట్టుకతో వచ్చిన అవిటితనం కావచ్చు. తేలాలంటే రెండో చీమ కావాలి. దాని కోసం మరో నాలుగు సార్లు ఆ అడవికి వెళ్ళి, నాలుగు సార్లూ జలగ కాట్లతో తిరిగి వచ్చాడు.

ఇంతలో అడవి కింద ఖనిజం ఉందని తేలింది. రెండు వందల ఇరవై ఎకరాలు కొట్టడానికి గనివాళ్ళు కమిటీని అనుమతి అడిగారు. అక్కడ తప్ప ఇంకెక్కడా బతకని ప్రాణి ఒక్కటి ఉన్నా అనుమతి ఇవ్వకూడదని నిబంధన. పెద్ద జంతువులు అప్పటికే అక్కడ మిగల్లేదు. పక్షులు పక్క అడవిలోనూ ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా మ్యూజియం పెట్టెలో ఉన్న చీమ మిగిలింది. రెండో చీమ కోసం ఆగే వ్యవధి ఇక లేదు.

మ్యూజియం తెరిచేది పదిన్నరకు. కమిటీ ఆఫీసు ఊరికి ఆ చివర. అందుకని ముందు రోజు సాయంత్రమే రిజిస్టర్‌లో సంతకం పెట్టి చీమను ఇంటికి తెచ్చుకున్నాడు. మ్యూజియం చీమ ఎలా ఉంటుందంటే, త్రికోణంగా కత్తిరించిన అట్టముక్క కొసకు జిగురుతో అంటించి ఉంటుంది. అట్టముక్కకు గుండుసూది, సూదికి కింద గోరంత లేబుల్, దాని మీద దొరికిన చోటు, తేదీ, పట్టినవాడి పేరు. ఎండిన చీమకు చీమలే శత్రువులు, దొరికితే పీక్కుతింటాయి. ఆయనకు అది తెలుసు గనక పెట్టెను భోజనాల బల్ల మీద ఒక పళ్ళెంలో పెట్టి, చుట్టూ నీళ్ళు పోసి పడుకున్నాడు.

"ఏమండీ, మందు కొట్టే ఆయన వచ్చాడు" అంది భార్య బాత్‌రూం తలుపు అవతల నుంచి.

"ఏం మందు?"

"మూడు రోజుల నుంచి చెప్తూనే ఉన్నాను. చక్కెర డబ్బా నిండా ఎర్రచీమలే. తమ్ముడు మనిషిని తీసుకొచ్చాడు."

"ఇవ్వాళే దొరికిందా మీ తమ్ముడికి? నా పెట్టె జాగ్రత్త."

"మీ పెట్టె నీళ్ళలో భద్రంగా ఉంది. అది కాదు, కిటికీకి కట్టిన కొమ్మ మీద మెల్లగా నడిచేవి ఉన్నాయే, వాటిని కూడా కొట్టమంటారా? పాపం అవి దేని జోలికీ రావు. వదిలెయ్యమంటే ఈయన గ్యారంటీ ఇవ్వనంటున్నాడు."

ఆయన ఎడమ చెంప మీద బ్లేడు పెట్టి ఉన్నాడు. "అన్నీ కొట్టమను. ఇంట్లో చీమల సంగతి నన్నడగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? అవన్నీ మామూలు చీమలే."

"నాలుగేళ్ళ నుంచీ ఇదే మాట" అంటూ ఆమె వెళ్ళిపోయింది.

కొమ్మ సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట, ఆఖరిసారి ఆయన అడవిలో ఉన్నప్పుడు అత్తగారు పోయింది. కబురు అందేసరికి రెండు రోజులు, ఇల్లు చేరేసరికి మరో రెండు రోజులు. చేతులూపుకుంటూ వెళ్ళడానికి మొహం చెల్లక, దారిలో పడి ఉన్న ఒక కొమ్మను దాని మీద పెరిగిన ఆకుమొక్కతో సహా గోనెగుడ్డలో చుట్టి తెచ్చాడు. భార్య తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజున ఆ కొమ్మను వంటింటి కిటికీకి కట్టి నీళ్ళు చల్లింది. ఆ రోజు నుంచి ఒక్కపూట కూడా నీళ్ళు మానలేదు.

ఆయన స్నానం చేస్తున్నంతసేపు భోజనాల గదిలో జరిగినదాన్ని తర్వాత ముగ్గురూ మూడు ముక్కలుగా చెప్పారు. కలిపితే ఇదీ సంగతి.

మందాయన యాభై దాటిన మనిషి. వీపున డబ్బా, చేతిలో గొట్టం, చొక్కా జేబులో గ్యారంటీ కార్డుల కట్ట. ఇంట్లో మూత ఉన్న ప్రతి వస్తువునూ తెరిచి చూడడం ఆయన పద్ధతి. బావమరిది వెంట ఉండి ఒక్కొక్కటే మూతలు తీసి చూపించాడు. భార్య వెనకగదిలో గిన్నెలు సర్దుతోంది. పళ్ళెంలో ఉన్న పెట్టె వంతు వచ్చింది.

"ఇది మా బావగారిదండి" అన్నాడు బావమరిది.

"ఎవరిదైతేనేం, తెరవండి. చుట్టూ నీళ్ళు పోశారంటే ఇందులోకి వస్తున్నాయని వాళ్ళకే అనుమానం ఉందన్నమాట."

బావమరిది తెరిచాడు. లోపల ఒక చీమ ఉంది.

"చూశారా" అన్నాడు మందాయన. "నీళ్ళు దాటి మరీ వచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నీళ్ళు ఎక్కడా పని చెయ్యడం నేను చూడలేదు."

"కదలడం లేదేమిటండీ?"

"నటిస్తాయి."

ఆయన మందు కొట్టాడు. తర్వాత బ్రష్షుతో చీమను గీకి, చచ్చిన మిగతా చీమలున్న చేటలోకి దులిపాడు. అట్టముక్కనూ చిన్న కాగితాన్నీ అదే చేటలో పడేశాడు. గుండుసూది మాత్రం గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. ఒకరి వస్తువు పారెయ్యడం ఆయన పద్ధతి కాదు.

చీమలాయన తువ్వాలుతో బయటికి వచ్చేసరికి ఎనిమిదీ పది అయింది. మందాయన ఎదురువచ్చి సూదిని అరచేతిలో పెట్టి ఇచ్చాడు.

"మీ పెట్టెలో కూడా ఒకటి దూరిందండీ. తీసేశాను. పెట్టె శుభ్రంగా ఉంది, ఇక భయం లేదు."

చీమలాయన సూదిని చూశాడు. పెట్టెను చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భార్య వెనకగదిలోంచి వచ్చి ఆయన మొహం చూసి, తమ్ముడి మొహం చూసింది.

"ఏం చేశావురా?"

"మూత తీశానక్కా. అంతే."

"ఏ గొడవైనా మూతలు తీసే తెచ్చుకుంటావు."

"చేట ఎక్కడ?" అన్నాడు చీమలాయన.

చేటలో చీమలు వేలల్లో ఉన్నాయి. తెల్ల కంచాలు నాలుగు తెచ్చి, కుప్పను నాలుగు భాగాలు చేశారు. మ్యూజియం భూతద్దం ఒకటి, భార్య సూదిలో దారం ఎక్కించుకునేది ఒకటి, బావమరిది జేబులో పేపరు చదువుకునేది ఒకటి. మందాయనకు భూతద్దం అక్కర్లేదట, కళ్ళు బాగున్నాయన్నాడు. విషయం తెలిశాక ఆయన వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. డబ్బా దించి, చేతులు కడుక్కుని నాలుగో కుర్చీలో కూర్చున్నాడు.

"నడుము మీద చిన్న ముల్లు ఉంటుంది" అన్నాడు చీమలాయన. "మొన ముందుకు వంగి ఉంటుంది. అలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఈ నాలుగు కంచాల్లో ఎక్కడో ఉంది. దొరక్కపోతే పదకొండింటికి నేను వెళ్ళి చేసేదేమీ లేదు. రేపట్నుంచి అక్కడ చెట్లు కొట్టుకోవచ్చు."

పావుగంటసేపు నలుగురూ కంచాల మీదికి వంగి వెతికారు.

"బావగారూ, ఇదేనా?" అన్నాడు బావమరిది.

చీమలాయన భూతద్దం పెట్టాడు. ముల్లు ముందుకు వంగి ఉంది. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఇదే. దొరికింది. ఎవరూ ఊపిరి గట్టిగా వదలకండి."

"నా దగ్గరా ఒకటుందండీ" అంది భార్య.

"అది అయ్యుండదు. దొరికేసింది కదా."

"ముల్లుంది. ముందుకే ఉంది. మీరే చూడండి."

"నా దగ్గర పదకొండు పక్కకు పెట్టాను" అన్నాడు మందాయన. "చెప్దామంటే మీరు ఊపిరి వదలొద్దన్నారు."

చీమలాయన ముందు భార్య కంచం చూశాడు, తర్వాత మందాయన కంచం చూశాడు, తన కంచంలో తిరిగి వెతికాడు. తొమ్మిదింటికి లెక్క తేలింది. కొక్కెం ముల్లు చీమలు నలభై రెండు. ఒకదాని కడుపు కింద పాత జిగురు ఉంది, అది మ్యూజియం చీమ. మిగతా నలభై ఒకటీ కాళ్ళు వంచితే వంగుతున్నాయి. పొద్దున్నదాకా బతికి ఉన్నవి.

అవిటితనం కాదు. కొత్త జాతే. పదకొండేళ్ళుగా ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు తెల్ల కంచంలో ఉంది. కమిటీకి చెప్పబోయే, ఆ అడవిలో తప్ప ఎక్కడా లేదన్న మాట మాత్రం పోయింది.

"ఇవి ఎక్కడ ఊడ్చారు?"

"కిటికీ దగ్గర. ఆ కొమ్మ కింద" అన్నాడు మందాయన. "గూడు కొమ్మ లోపల ఉంది. గొట్టం బెరడు కిందికి పెట్టి కొట్టాను. రాణి బయటికొచ్చేదాకా ఆగాను. రాణిని పట్టకపోతే పని చేసినట్టు కాదు." జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. పట్టిన రాణుల్ని అందులో వేసుకుని ఇల్లుగలవాళ్ళకు చూపించడం ఆయనకు అలవాటు. "ఇదిగోండి."

ఆ జాతి రాణిని అప్పటివరకూ చూసినవాళ్ళు లేరు. చీమలాయన చాలాసేపు చూశాడు.

"ఒక్కటైనా బతికి ఉండే అవకాశం ఉందా?"

మందాయన నొచ్చుకున్నాడు. "నా పని అలా ఉండదండీ."

"మిమ్మల్ని అడిగే కొట్టించాను" అంది భార్య మెల్లగా.

"అడిగావు" అన్నాడు చీమలాయన.

టైము తొమ్మిదింపావు. ఆయన జిగురు సీసా తీసి పాత చీమను కొత్త అట్టముక్కకు అంటించి, తుడిచి ఇచ్చిన సూది గుచ్చాడు. లేబుల్ చేటలోనే దొరికింది గానీ మందులో నాని, సిరా అంతా చెదిరి, అక్షరం మిగల్లేదు. తర్వాత రాణినీ, మంచివి ఐదింటినీ మరో పెట్టెలో పెట్టి, ఒక్కోదానికీ లేబుల్ రాశాడు. లేబుల్ లేని చీమ చెత్తతో సమానమని ముప్పై ఒక్క ఏళ్ళుగా అందరికీ చెప్తూ వచ్చినవాడు. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది: చోటు, వంటింటి కిటికీ. తేదీ, ఇవాళ్టిది. పట్టినవాడు, మందాయన. పట్టిన విధానం, మందు.

బావమరిది కారు నడిపాడు. చీమలాయన ముందు సీట్లో, ఒళ్ళో పాత చీమ పెట్టె. కొత్త పెట్టె చొక్కా జేబులో ఉంది.

"నా మాట వినండి బావగారూ" అన్నాడు బావమరిది. "జేబులో పెట్టె సంగతి ఎత్తకండి. ఆ అడవిలో తప్ప ఎక్కడా లేదని కదా మీరు రాసిచ్చింది? నిన్న అబద్ధమేమో గానీ ఇవ్వాళ అది నిజం. పొద్దున్నే నిజమైపోయింది."

మూడు సిగ్నళ్ళు దాటాక చీమలాయన, "ఎత్తను" అన్నాడు. ఆయన జీవితంలో ఒక నమూనాను దాచడం అదే మొదలు.

కమిటీ గదిలో ఐదుగురున్నారు. మధ్యలో అధ్యక్షుడు, ఎప్పుడో రిటైరైన జడ్జి. ఎదురుగా గనివాళ్ళ లాయరు, నెమ్మదిగా మాట్లాడే ఆవిడ. పెట్టె చేతులు మారుతూ అందరి ముందు నుంచీ వెళ్ళింది. అధ్యక్షుడు భూతద్దంలోంచి ముల్లును చూసి తల ఊపాడు.

"బాగుంది. ఇది ఆ అడవిదే అనడానికి ఆధారం?"

"లేబుల్ ఉండాలి సార్."

"ఏది?"

"పొద్దున పాడైంది."

"ఎలా పాడైంది?" అని అడిగింది లాయరు.

"మందు పడింది."

"లేబుల్ లేని నమూనాకు మీ శాస్త్రంలో విలువ ఎంత?" లాయరు కాగితం తిప్పింది. "మ్యూజియం ఉద్యోగుల కోసం మీరు రాసిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది. చదవనా?"

"అక్కర్లేదు. నేనే రాశాను."

"అయితే ఈ చీమ ఎక్కడిదైనా కావచ్చు" అన్నాడు అధ్యక్షుడు. పెన్ను మూత తీశాడు.

అది చూసి చీమలాయన చెయ్యి జేబులోకి పోయింది. మ్యూజియం రిజిస్టర్‌లో పెట్టె నంబరే ఉంటుంది గనక, ఇది ఆ అడవిదేనని రుజువు చెయ్యడానికి ఆయన దగ్గర ఒక్కటే దారి మిగిలింది. కొమ్మ ఆ అడవిది, గూడు ఆ కొమ్మది, చీమలు ఆ గూటివి. పెట్టె బల్ల మీద పెట్టి, అత్తగారు పోవడం దగ్గర్నుంచి తెల్ల కంచాల దాకా తేదీలతో సహా అంతా చెప్పాడు. చెప్తున్నంతసేపు తన వాదన గట్టిపడుతోందనే అనుకున్నాడు. ఒక్కటి కాదు, గూడు మొత్తం ఉంది. రాణి ఉంది.

అధ్యక్షుడు లేబుల్‌ను భూతద్దంలో చదివాడు. "వంటింటి కిటికీ. ఎన్నాళ్ళు బతికాయి అక్కడ?"

"నాలుగేళ్ళు సార్."

"ప్రత్యేకంగా ఏమైనా పెట్టారా?"

"మా ఆవిడ నీళ్ళు చల్లేది."

"మందు కొట్టకపోతే ఇంకా బతికేవా?"

"బతికేవి."

"అంటే రెండు వందల ఇరవై ఎకరాల్లో బతికే ఈ చీమ ఒక కిటికీలో కూడా బతుకుతుంది. వంటింట్లో ఉంటుంది. జనం దానికి మందు కొట్టిస్తారు." ఆయన రాసుకున్నాడు. "దీన్ని ఏ తరగతిలో వెయ్యాలో నాకు తెలుస్తోంది."

"సార్, ఇప్పుడు ఆ కిటికీలో కూడా లేదు. ఆ అడవి ఒక్కటే మిగిలింది."

అధ్యక్షుడికి చీమ కుట్టినట్టయినా లేదు. "ఆ పరిస్థితి మీరు తెచ్చుకున్నది" అన్నాడు.

తీర్పు వారంలో వచ్చింది. సదరు చీమ ఇళ్ళలో ఉండే కీటకాల కోవలోకి వస్తుందనీ, అడవి కొట్టడానికి అది అభ్యంతరం కాదనీ అందులో ఉంది. అదే కవరులో మరో కాగితం కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట ఆ అడవి నుంచి అనుమతి లేకుండా కొమ్మ ఒకటి తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలని నోటీసు. ఆయన సంజాయిషీ రాసి పోస్టు చేసిన రోజున అడవిలోకి రంపాలు వెళ్ళాయి.

ఆ సాయంత్రం ఆయన వంటింట్లో కూర్చుని కాగితాలు ముందేసుకున్నాడు. జాతి వివరణ రాయడం అయిపోయింది. మీసంలో కణుపులెన్ని, దవడకు పళ్ళెన్ని, ముల్లు ఎంత వంగింది, అన్నీ ఉన్నాయి. బతికి ఉన్నప్పుడు ఎలా ఉండేదో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆయన ఆ చీమను ప్రాణంతో చూడలేదు.

"ఎలా నడిచేవి?" అని అడిగాడు.

భార్య పొయ్యి తగ్గించింది. "ఇప్పుడు అడుగుతున్నారా?"

"ఇప్పుడే అడుగుతున్నాను. నువ్వు తప్ప చూసినవాళ్ళు లేరు."

ఆమె కొమ్మ వైపు తిరిగింది. ఆకులు పసుపుపచ్చబడ్డాయి. "రెండేసి నడిచేవి. ముందుది ఆగితే వెనకది ఆగేది. దీపం వేస్తే అన్నీ ఉన్నచోటనే నిలబడేవి, నేను వెళ్ళేదాకా కదిలేవి కావు. నీళ్ళు చల్లే ముందు బెరడు మీద వేలితో తట్టేదాన్ని, పిల్లల్ని లోపలికి మోసుకుపోయేవి. తర్వాత తర్వాత తట్టకుండానే వెళ్ళేవి, నా చెంబు చప్పుడు వినపడితే చాలు." పండుటాకు ఒకటి తుంచింది. "అమ్మ పోయాక పొద్దున్నే మాట్లాడ్డానికి అవే ఉండేవి."

ఆయన ఒక్క మాట వదలకుండా రాసుకున్నాడు. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది. అది కూడా రాశాడు. వివరణ అచ్చువేసే సైన్సు పత్రిక వాళ్ళు దాన్ని కొట్టేస్తారని తెలుసు. కొట్టేశారు.

ఆరు నెలల తర్వాత ఇంటికి ఫోన్ వచ్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, కీటకాల గదికి తాళం పడింది, అడవి ఉన్నచోట గొయ్యి ఉంది. ఫోన్ చేసింది మందాయన.

"గ్యారంటీ ఇవ్వాళ్టితో అయిపోతుందండీ. మళ్ళీ ఏమైనా కనబడ్డాయా?"

"ఎర్రచీమలు వస్తున్నాయి. చక్కెర డబ్బా దగ్గర."

"అవి వస్తాయండీ. వాటినేం చెయ్యలేం. నేనడిగేది ఆ ముల్లున్నవాటి సంగతి."

"లేవు."

"ఇంట్లో ఎక్కడా లేవా?"

"ఎక్కడా లేవు."

మందాయన సంతోషించి, ఆ చీమ వరకు గ్యారంటీని ఎప్పటికీ పొడిగిస్తున్నానన్నాడు.